‘బిగించాను’ అనేదాకా

పోయినవారం ఈ కథ చదివి మీరు నన్ను షెడ్డులో వదిలేసి వెళ్ళారు. చేతిలో చీపురు, ఎదురుగా కారు వెనక చక్రం ఉండాల్సిన చోటు, అక్కడి బ్రేకు నట్టు మీద నేను పెట్టిన గోళ్ళరంగు చుక్క రెండుగా పగిలి ఉంది. ఆ చుక్కేమిటో తెలియనివాళ్ళకి మళ్ళీ చెబుతాను. మా ఇంట్లో నట్టు బిగించడం మా ఆయన పని. బిగించిన నట్టు మీద గోళ్ళరంగు చుక్క పెట్టడం నా పని. చుక్క సగం నట్టు మీద, సగం పక్కనున్న రేకు మీద పడాలి. తర్వాత ఎవరు ఆ నట్టు తిప్పినా చుక్క విరుగుతుంది, దొంగ దొరికిపోతాడు. నా గోళ్ళకి రంగు వేసుకుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు కానీ ఈ కారుకి మాత్రం సీసాలకి సీసాలు పూశాను.

నాలుగు చక్రాల చోట్లా చుక్కలు పగిలే ఉన్నాయి. పైగా పక్కనే కొత్త చుక్కలు. అవి నట్టు దరిదాపుల్లో కూడా లేవు. ఊగే బస్సులో కూర్చుని పెట్టినట్టు ఎక్కడో రేకు మీద పడి ఉన్నాయి. అంటే బ్రేకులు వాటంతట అవి చెడిపోవడంలేదు. వారం వారం “మళ్ళీ గొట్టాల్లో గాలి పట్టిందోయ్” అంటూ నిట్టూర్చే ఆ పెద్దమనిషే వాటిని విప్పుతున్నాడు. ఎందుకో ఊహించడానికి నాకేం కష్టం కాలేదు. ఈ కారు మా నాన్నది. బాగుచేసి, నడిచే రోజున మా తమ్ముడికి అప్పగిస్తామని నాన్నకి ఈయనే మాటిచ్చారు. నడవడానికి మిగిలింది బ్రేకులొక్కటే. అవి కుదరకపోతే కారు నడవదు, నడవకపోతే అప్పగించక్కర్లేదు.

ఒళ్ళు మండిపోయింది. చీపురు అక్కడే పడేసి వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేశాను. “నడిచినా నడవకపోయినా నాకు అక్కర్లేదురా. ఆదివారం లారీ తెచ్చి ఎక్కించుకుపో. బావకి మాత్రం చెప్పకు” అన్నాను. వాడు సరేనన్నాడు.

ఇవాళ శనివారం.

పొద్దున్నే ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “ఏమోయ్, కాస్త వచ్చి పెడల్ నొక్కుతావా? ఇదే ఆఖరు” అన్నారు. ఆఖరు అనే మాట మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. కుట్టాల్సిన బడి యూనిఫారాలు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. నడుము పట్టేసింది. అయినా వెళ్ళాను. రేపు ఎలాగూ పోయే బండి, ఈ ఒక్కపూటతో సరి అనుకున్నాను. ఆ చుక్కల సంగతి మొహం మీద అడిగేయాలని కూడా ఉంది.

మీకు షెడ్డు సంగతి తెలుసు. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడిన నేల. కారు నాలుగు ఇటుకల దిమ్మల మీద చక్రాలు లేకుండా కూర్చుని ఉంటుంది. తలుపులు విప్పి, దుప్పట్లలో చుట్టి మా మంచం కింద పెట్టాం. సీట్లకి నేను కుట్టిన కవర్లు బీరువా పైన ఉన్నాయి. కార్బురేటర్ చాలాకాలం నా దారపు కండెల సొరుగులో కాపురం చేసింది. అందుకే నేను కుట్టిన యూనిఫారాలు పెట్రోలు వాసన వేస్తున్నాయని బడివాళ్ళు ఒకసారి తిరగ్గొట్టారు. ఈ కారుకి బదులు సవతి ఉంటే కనీసం అంట్లు తోమడానికైనా సాయం చేసేదని నేను అనని రోజు లేదు. మొదట్లో ఆ మాటకి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేను అంటాను, ఆయన వింటారు, అంతే.

డ్రైవరు సీటు లేదు కాబట్టి ఆ చోట వంటింటి పీట వేసుకుని కూర్చున్నాను. కాలు చాపితే పెడల్ అందుతుంది. ఆయన వెనకవైపు, నాకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం చోటికి వెళ్ళి నేల మీద పడుకున్నారు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తియ్యాలంటే దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. చిట్టచివరి చక్రం నేను కూర్చున్న చోటు పక్కనే ఉంటుంది.

“నొక్కు” అన్నారు.

నాలుగుసార్లు తొక్కి, గట్టిగా పట్టుకుని, “నొక్కాను” అన్నాను.

ఆయన నట్టు వదులు చేశారు. పెడల్ నా కాలి కింద మెల్లగా నేలకి దిగింది. నట్టుకి తొడిగిన గొట్టంలోంచి ఆయిలూ, దానితో పాటు బుడగలూ సీసాలోకి పోతున్న చప్పుడు.

“బిగించాను.”

అప్పుడు కాలు తీశాను. అదీ పద్ధతి. ఆయన నోటి నుంచి ‘బిగించాను’ అనే మాట వచ్చేదాకా ఇల్లు కూలినా సరే కాలు తియ్యకూడదు. తీస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కొన్నాళ్ళుగా మా ఇద్దరి మధ్య మాటలు ఈ మూడింటికే దిగాయి. నొక్కు, నొక్కాను, బిగించాను. అన్నం పెట్టమని కూడా అడగరు. పళ్ళెం ముందు కూర్చుంటారు, నేను పెడతాను.

మొదటి చక్రం అయింది. ఆయన నేల మీద దొర్లుతూ, దగ్గుతూ, రెండో వెనక చక్రం దగ్గరికి వచ్చారు. తల వెళ్ళి దిమ్మకి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఈమధ్య ఆయనకి తగలని గుమ్మం లేదు. టీ కప్పు బల్ల అంచున పెడతారు, అది కింద పడుతుంది, నేను తిట్టుకుంటూ తుడుస్తాను. ఈ కారు ధ్యాసలో పడి మనిషికి ఒళ్ళు తెలియడం లేదు అనుకునేదాన్ని.

“నొక్కు.”

“నొక్కుతాను గానీ, ఆ నట్టు మీద నా చుక్క ఉందా?”

“ఉంది.”

“పగిలిందా, బాగుందా?”

కింద వేళ్ళు రేకుని తడుముతున్న చప్పుడు.

“మీ ముక్కు ముందే ఉంది కదండీ, చూసి చెప్పండి.”

“టార్చి వెలుగు చాలట్లేదు” అన్నారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. టార్చి ఆయన చేతిలో లేనేలేదు. నేల మీద, గోడవైపు తిరిగి పడి ఉంది. గోడ మీద ఇంత వెలుగు గుండ్రంగా పడుతోంది. ఆయన చీకట్లోనే చెయ్యి పెట్టి పని చేసుకుపోతున్నారు. చూడాలన్న ఆలోచన కూడా లేదన్నమాట అనుకున్నాను. నాలోని కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

“నొక్కాను” అన్నాను, అనవసరంగా పెద్ద గొంతుతో.

రెండోది కూడా అయింది. ముందువైపు దూరపు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆయాసపడుతున్నారు. తలుపులు లేవు కదా, ఇప్పుడు కారుకి అవతలివైపు ఆయన నెరిసిన జుట్టు, నూనె మరకల చొక్కా భుజం కనిపిస్తున్నాయి. ఇంక ఆగలేకపోయాను.

“మీరే విప్పుతున్నారు.”

“ఏంటి?”

“బ్రేకులు. నేను నిద్రపోయాకో, యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడో, మీరే విప్పుతున్నారు. విప్పి, మళ్ళీ బిగించి, నా సీసా దొంగతనం చేసి చుక్కలు పెడుతున్నారు. పెట్టడం కూడా చేతకాలేదు. నాలుగు చుక్కలూ నాలుగు దిక్కుల్లో ఉన్నాయి. ప్రెస్సులో అన్నేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి, ఒక్క అక్షరం పక్కకి జరిగితే ఊరుకోని మనిషి, చుక్క ఎక్కడ పెట్టాలో తెలియలేదా?”

ఆయన పానాని చొక్కాకి తుడుచుకున్నారు.

“మా తమ్ముడికి ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పొచ్చు కదా. వాడేం రాక్షసుడా? మా నాన్నకి మాటిచ్చింది మీరు. ఇచ్చిన మాట తప్పడానికి ఈ నాటకం ఎందుకు? మీతో పాటు నన్ను కూడా ఈ పీట మీద కూర్చోబెట్టి, తొక్కు, వదులు, తొక్కు, వదులు... నా మోకాళ్ళు చూడండి. నేను అలిసిపోయానండీ. నిజంగా అలిసిపోయాను.”

చివరి మాట బతిమాలినట్టు వచ్చింది. అది నాకు నచ్చలేదు.

“ఇవ్వడం ఇష్టం లేక కాదు” అన్నారు ఆయన. “ముందు ఇది కానియ్యి. నొక్కు.”

“చెప్పేదాకా నొక్కను.”

“నొక్కితే చెప్తాను.”

నొక్కాను. మూడోది కూడా అయింది. ఆయన లేచి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వస్తూ, చేత్తో బానెట్టు అంచుని తడుముతూ వచ్చారు. నా పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మళ్ళీ నేల మీద కూర్చున్నారు. ఆయన మొహం నా మోకాలి ఎత్తులో ఉంది. చాలారోజుల తర్వాత అంత దగ్గరగా చూశాను. గెడ్డం సరిగ్గా గీసుకోలేదు. దవడ కింద ఒక పక్కంతా వెంట్రుకలు అలాగే ఉన్నాయి.

ఆయన నట్టు కోసం చెయ్యి పెట్టారు. చూపు మాత్రం నట్టు మీద లేదు. ఎదురుగా గోడ వైపు ఉంది. వేళ్ళు ముందు బ్రేకు పళ్ళేన్ని పట్టుకున్నాయి, దాని అంచు వెంట పైకి జరిగాయి, గొట్టం తగిలింది, అక్కడ ఆగి కిందకి దిగాయి, నట్టు దొరికింది. పానా దాని మీద ఒక్కసారికే కూర్చుంది. బియ్యంలో రాళ్ళు ఏరడానికి కూడా నేను అంత తీరుబడిగా చెయ్యి పెట్టను.

“నొక్కు.”

“నొక్కాను.”

నట్టు వదులైంది. పెడల్ దిగింది. ఆయన బిగించలేదు. పానా పట్టుకుని అలాగే ఉండి, గోడ వైపే చూస్తూ చెప్పారు.

“కళ్ళు మూసుకుని చేస్తున్నానోయ్. అందుకే విప్పుతున్నాను. విప్పి, కళ్ళు మూసుకుని బిగిస్తున్నాను. మొదట్లో రాలేదు, ఆయిలంతా కింద పోసేసేవాణ్ణి. ఇప్పుడు వస్తోంది. చుక్కొక్కటే రావట్లేదు. తడి రంగు వేలికి తెలియదు.”

“కళ్ళు మూసుకుని చెయ్యడమేంటండీ? పందెమేమైనా కట్టారా?”

“కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కిందటి వానల్లో. తర్వాత ఇంకో ఆయన దగ్గరికి కూడా. ఇద్దరూ ఒకటే అన్నారు. చూపు అంచుల్నించి చీకటి మూసుకొస్తోంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. ఇది ఇంకా దగ్గరికొస్తుంది. మందు లేదట. ప్రెస్సు మానేసింది విసుగొచ్చి కాదు. తప్పులు వదిలేస్తున్నాను. లైను చివర్లు కనిపించట్లేదు.”

షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట గెంతుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

“కారు మీ తమ్ముడికే ఇచ్చేద్దాం” అన్నారు. “ఇవ్వనని ఎప్పుడన్నాను? కాకపోతే కాస్త ఆగి. ఇంజను నా చేతులకి తెలుసు. గేర్లు తెలుసు. బ్రేకులు కూడా వచ్చేస్తే, ఆ తర్వాత ఏ చీకటైనా రానీ. ఏదో ఒక షెడ్డులో కూర్చుని ఏదో ఒకటి బిగించుకోగలను. ఊరికే కుర్చీలో కూర్చోబెట్టి నాకు నువ్వు అన్నం కలిపి పెట్టే రోజు రాకూడదు. అంతే నేను చూసుకుంటోంది.”

గుమ్మాలూ, టీ కప్పులూ, దవడ కింద వెంట్రుకలూ అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. కప్పు పగిలినప్పుడల్లా నేను ఎన్నెన్ని మాటలన్నానో అవి కూడా వచ్చాయి. ఆయన వైపు వంగి, భుజం పట్టుకోబోయాను.

బుస్సుమని చప్పుడైంది.

“తీసేశావు” అన్నారు ఆయన, నెమ్మదిగా.

చూసుకున్నాను. నా కాలు పెడల్ మీద లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన ఆ మాట అనకముందే కాలు తీశాను. బిగించని నట్టులోంచి గాలి లోపలికి పోయింది. గొట్టం ఊడి, ఆయిలు ఆయన వేళ్ళ మీంచి నేల మీదికి కారుతోంది.

“అయ్యో” అన్నాను. ఆయన కళ్ళకి అన్నానో, బ్రేకుకి అన్నానో చెప్పలేను. ఏడుపు ముంచుకొచ్చింది. “ఎందుకు చెప్పలేదండీ? నేనేం పరాయిదాన్నా?”

“చెబితే నువ్వు నన్ను ఈ షెడ్డులోకి రానిస్తావా? కాలు తట్టుకుంటుంది, చెయ్యి తెగుతుంది అని తలుపుకి తాళం వేసేదానివి.”

అబద్ధం కాదు. వేసేదాన్ని.

“ఏడుపు తర్వాత” అన్నారు, గొట్టం వెతికి తొడుగుతూ. “పైన డబ్బాలో ఆయిలు తక్కువగా ఉంది. అది అయిపోతే నాలుగు చక్రాలూ మళ్ళీ మొదట్నించి. నొక్కు, నొక్కు.”

చెంగుతో మొహం తుడుచుకుని నొక్కాను. అప్పుడు గుర్తొచ్చింది.

రేపు లారీ వస్తుంది.

ఈ మనిషి కళ్ళు మూసుకుని వేలు వేలుగా నేర్చుకున్న కారుని, నేనే ఫోన్ చేసి, ఆయనకి తెలియకుండా, ఎక్కించుకుపొమ్మన్నాను. ఫోన్ వంటింట్లో, పంచదార డబ్బా పక్కన ఉంది. ఎంత దూరమని? పది అంగలు వేస్తే అందుతుంది. ఈ చక్రం అయిపోగానే వెళ్ళి వద్దని చెప్పేస్తాను. ఆయనకి తెలియనే తెలియదు. రేపటిదాకా టైముంది. ఇవన్నీ నాకు నేను చెప్పుకుంటూ, పెడల్ మీద ఒళ్ళంతా మోపాను.

“నొక్కాను.”

“బిగించాను. ఇంకోసారి. బుడగలు ఇంకా వస్తున్నాయి.”

“మీకెలా తెలుసు?”

“గొట్టం పట్టుకుంటే వేళ్ళకి తెలుస్తుంది. ఇదిగో.” ఆయన తలెత్తి నావైపు చూశారు. సరిగ్గా నా కళ్ళలోకే చూశారు, ఎదురుగా ఉన్నాను కాబట్టి. మొహంలో చిన్న నవ్వు. “నువ్వు నేర్చుకుంటావా? చుక్కలు నువ్వు పెట్టాల్సిందే గానీ, మిగతాది చెప్తాను.”

ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. నాకు నవ్వాలో ఏడవాలో అర్థంకాలేదు. రెండూ చెయ్యడానికి ఓపిక లేదు కూడా.

“ముందు గెడ్డం ఎలా గీసుకోవాలో నేర్చుకోండి” అన్నాను. “ఒక పక్క అడవి పెంచుతున్నారు.”

ఆయన దవడ తడుముకుని, “నిజమే సుమా” అన్నారు. నూనె చెయ్యి కదా, దవడ నల్లగా అయింది.

“నొక్కు.”

నాలుగుసార్లు తొక్కాను. ఇప్పుడు పెడల్ రాయిలా నిలబడింది. ఇన్నాళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ లేదు. “నొక్కాను. ఏమండీ, ఈసారి కుదిరిందండీ!” అన్నాను.

“ఇంకొక్క బుడగ ఉంది. తీసేస్తే అయిపోయినట్టే.” పానా తిరిగింది. పెడల్ మెత్తగా నేలకి దిగింది. నేను అక్కడే అదిమి పట్టుకున్నాను. ఒక్క మాట వస్తే చాలు, లేచి వంటింట్లోకి పరిగెత్తాలని రెండో కాలు అప్పుడే కారు బయట పెట్టాను.

వీధిలో పెద్ద బండి ఏదో ఆగింది. ఇంజను గడగడలాడి ఆరిపోయింది. హారను ఒకసారి మోగింది.

“మన గేటు దగ్గరేనా?” అన్నారు ఆయన, తల వంచి వింటూ. “లారీలా ఉందే.”

బయట పెట్టిన కాలు లోపలికి లాక్కున్నాను.

“అక్కా!” తమ్ముడి గొంతు వీధంతా వినిపించేలా ఉంటుంది, చిన్నప్పటినుంచీ అంతే. “అక్కా, లారీ ఇవాళే దొరికింది, రేపటిదాకా ఎందుకని వచ్చేశా! ఎక్కించడానికి మనుషుల్ని కూడా తెచ్చా. ఏం కంగారు పడకు, నువ్వు చెప్పినట్టే బావకి ఫోన్ కూడా చెయ్యలేదు!”

రేకుల మీద పిట్ట ఎగిరిపోయింది.

ఆయన కదల్లేదు. ఒక చెయ్యి పానా మీద ఉంది. రెండో చెయ్యి మెల్లగా పైకొచ్చి, తలుపు లేని సందులోంచి లోపలికి వచ్చి, గాల్లో తడుముకుంటూ నా చీలమండ దొరికించుకుంది. అక్కణ్ణించి పాదం మీదికి, పాదం నుంచి పెడల్ మీదికి వెళ్ళింది. నేను ఇంకా నొక్కే ఉన్నానా లేదా అని చూసుకుంది.

“నువ్వు పిలిచావా?” అన్నారు.

అబద్ధం చెప్పొచ్చు. వాడే వచ్చాడనొచ్చు. తమ్ముడు నా మాట కాదనడు, ఎలాగోలా సర్దుకుంటాడు. కానీ ఆయన వేళ్ళు నా పాదం మీద ఉన్నాయి. గొట్టంలో బుడగ కూడా తెలుస్తోంది ఆ వేళ్ళకి.

“నేనే పిలిచాను” అన్నాను.

చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. పానాని నేల మీద పెట్టిన చప్పుడైంది, నట్టు ఇంకా బిగించనే లేదు. గేటు గడియ తీస్తున్నారు ఎవరో. కంకర మీద చెప్పుల చప్పుడు షెడ్డు వైపే వస్తోంది.

నేను కాలు తియ్యలేదు. పెడల్ నేలకి ఆనించి, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, కింద నుంచి రావాల్సిన ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను. ఆయన అనడంలేదు.